సగానికంటే తక్కువ

జనవరి 26, సోమవారం

ఈ డైరీ గెర్డీ కొనిచ్చింది. "ఏమేం మరిచిపోతున్నావో ఎప్పటికప్పుడు ఇందులో రాసుకో హూబ్" అంది. మరిచిపోయింది గుర్తుంటే కదా రాయడానికి అన్నాను. పెళ్ళయినప్పటి నుంచీ నా హాస్యం భరిస్తున్న మనిషి కాబట్టి నవ్వకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. చదవనని మాట మాత్రం ఇచ్చింది.

ముందు గుర్తున్నది రాస్తాను. పదో తారీఖు శనివారం పొద్దున కార్నివాల్ వేషాల పండగకి జెండా కట్టడానికి నిచ్చెన ఎక్కాను. వీధిలో అన్ని ఇళ్ళకీ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జెండాలు కట్టేశారు, మనదొక్కటే బోడిగా ఉందని గెర్డీ గోల. పై మెట్టు తడిగా ఉంది. కాలు జారింది. తల వెళ్ళి జెరేనియం కుండీకి తగిలింది. కుండీ రెండు ముక్కలైంది. నాకు బొప్పి కట్టింది, వాంతులయ్యాయి, వారం పాటు తలనొప్పి. ఆసుపత్రిలో తలకి స్కాన్ తీసి, లోపల రక్తమేమీ లేదు, మెదడు కాస్త అదిరింది, నెమ్మదిగా సర్దుకుంటుంది అన్నారు.

సర్దుకోలేదు. జ్ఞాపకశక్తి పోయింది. బస్సు డ్రైవరుకి అది లేకపోతే ఎలా? ఇన్నేళ్ళుగా ఒకటే రూటు కదా అంటారు గానీ, రోడ్డు పనులుంటాయి, స్టాపులు మారుస్తుంటారు. అన్నీ బుర్రలో ఉండాలి.

ఇల్లంతా గెర్డీ పసుపు చీటీలు అంటించింది. పొయ్యి మీద "గ్యాస్ కట్టెయ్". వీధి తలుపు మీద "తాళంచెవి". బాత్రూంలో అద్దం మీద "మాత్ర". పిల్లి గిన్నె పైన "తిండి పెట్టేశాను, అది అబద్ధాలాడుతుంది". చీటీ చూసినప్పుడల్లా నాకు మనసు కరుగుతుంది. తలనొప్పి కూడా వస్తుంది, పొద్దుటిపూట, ఎక్కువగా డిపో నుంచి ఫోనొచ్చే వేళకి.

జనవరి 28, బుధవారం

సాయంత్రం ట్వాన్ వచ్చాడు. ఎదురింట్లోనే ఉంటాడు, మా డిపోలోనే డ్రైవరు, ఇప్పుడు నా రూటు వాడే నడుపుతున్నాడు.

"నీ సీటు నా నడుముకి పడట్లేదు గురూ. ఎప్పుడొస్తున్నావు?"

"తల కుదుటపడాలి కదా."

"ముసలమ్మలందరూ నీ గురించే అడుగుతున్నారు. నేను గుడ్‌మార్నింగ్ చెబితే కూడా 'హూబ్ ఎక్కడ' అంటున్నారు. నాకు సిగ్గేస్తోంది."

ముగ్గురం పేకాడాం. నేను గెలిచాను. ట్వాన్ ముక్కలు బల్ల మీద పడేసి, "నా దగ్గర కళావరు జాకీ ఉందని నీకెలా తెలుసు?" అన్నాడు.

"ఇందాక గెర్డీ కళావరు తొమ్మిది వేసినప్పుడు నువ్వు చెవి గోక్కుని ఏడు వేశావు. రాజు అప్పటికే పడిపోయింది. రాణి నా దగ్గర ఉంది."

గెర్డీ నా వంక చూసింది. పేక ముక్కలు గుర్తుండడం వేరు, అది బుర్రతో పని కాదు, అలవాటు అని వివరించాను. అవునవును అంది. పాపం, వెంటనే నమ్మింది.

జనవరి 30, శుక్రవారం

నిద్ర పట్టలేదు. డిసెంబరు సంగతి ఇందులో రాద్దామనుకున్నాను. రాయడానికేముంది, ఏమీ జరగలేదు.

ఫిబ్రవరి 2, సోమవారం

కంపెనీ డాక్టరు ఫోను చేశాడు. దెబ్బ తగిలి మూడు వారాలు దాటింది, ఈపాటికి తగ్గాలి, తగ్గలేదంటున్నావు కాబట్టి మాస్ట్రిక్ట్‌లో మెదడు పరీక్షలు చేసే సైకాలజిస్టు దగ్గరికి పంపిస్తున్నానన్నాడు. జ్ఞాపకం, శ్రద్ధ, వేగం అన్నీ కొలుస్తారట.

మంచిదే. కొలవనీ. కాగితం మీద పడితే ఇక ఎవరూ అడగరు.

గెర్డీ వాళ్ళ అక్కకి ఫోను చేసి, మార్చిలో ఆర్డెన్ కొండల్లో నడకకి రాలేనని చెప్పింది. "ఈ మనిషిని వదిలేసి ఎలా వస్తానే" అంటోంది. నేను హాల్లో కూర్చుని పేపరు చదువుతున్నాను. ఒకటే వాక్యం చాలాసేపు చదివాను.

ఫిబ్రవరి 5, గురువారం

పరీక్ష అయింది. రైల్లో వెళ్ళాను. బస్సయితే ఆ వీధిలోనే దింపుతుంది, కానీ రైలు హాయి.

సైకాలజిస్టు పేరు ఫెమ్కె. ఫ్రీస్‌లాండ్ పిల్ల. అంత ఉత్తరం నుంచి వచ్చినవాళ్ళకి మాట చుట్టూ తిప్పడం రాదు. గడ్డివాము రంగు జుట్టు, మనిషి నాకంటే పొడుగు, చెయ్యి కలిపితే నా ఉంగరం వేలికి గుచ్చుకుంది.

"రాత్రి నిద్రపోయారా క్రైన్స్ గారూ? కాఫీ తాగారా? సరే. మీకు చేతనైనంత బాగా చెయ్యండి. నేను అడిగేది అదొక్కటే."

అంకెలు చదివి వెనక్కి చెప్పమంది. రంగు దిమ్మలతో నమూనాలు పేర్చమంది. ఓ కథ చెప్పి తిరిగి చెప్పమంది. కథలో ఓ పాలవాడి బండి చక్రం వంతెన మీద ఊడిపోతుంది, పాలన్నీ కాలవలో పోతాయి, రేవులోని బాతులు తెల్లబడతాయి. నేను బండి అని మాత్రం చెప్పాను. అంతకంటే రాలేదు.

తర్వాత బొమ్మలు. ఒక్కొక్కటీ కాసేపు చూపించింది. లంగరు, కెటిల్, గొడుగు, నిచ్చెన (ఇది చూసి కాస్త నొచ్చుకున్నాను), మేక, ఉలి, బాకా, గూటిలో చిలక, ఒంటి చెప్పు, ఇలా యాభై. అయ్యాక రెండేసి బొమ్మలు పెట్టి, ఇందాక చూసింది ఏదో చూపించమంది. కెటిల్, టోపీ పెట్టినప్పుడు కెటిల్ అనే అనిపించింది. కానీ అంత తేలికగా అడుగుతారా, ఇందులో ఏదో మెలిక ఉంటుందని టోపీ చూపించాను. మేక, గుర్రం దగ్గరా అంతే. మరీ అన్నీ తప్పయితే బాగుండదని చిలక ఒప్పుకున్నాను.

పైదంతా చదువుకుంటే కొంచెం వింతగా ఉంది. కొట్టేయడం లేదు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

మబ్బు విడిచింది. మాస్ నది వెంట సైకిల్ మీద చాలా దూరం వెళ్ళొచ్చాను. తలనొప్పి లేదు. డిపో నుంచి ఫోను కూడా రాలేదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

ఫలితాలకి వెళ్ళాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, కోపం కూడా తగ్గుతుందేమో.

ఫెమ్కె కాగితాలు ఏవీ చూడకుండా మొదలుపెట్టింది. "క్రైన్స్ గారూ, ఆ బొమ్మల పరీక్ష జ్ఞాపకశక్తి కోసం చేసినట్టు కనిపిస్తుంది. కాదు. తల పగిలి నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నవాళ్ళు కూడా దాదాపు అన్నీ సరిగ్గా చూపిస్తారు. మనిషి మనసుపెట్టి చేస్తున్నాడా లేదా అని చూడటానికే అది."

"నాకెన్నొచ్చాయి?"

"యాభైలో పదిహేడు."

"చూశారా మరి, ఎంత పాడైందో."

"కళ్ళకి గంతలు కట్టుకుని ఊరికే వేలు పెడుతూ పోతే ఎన్నొస్తాయి?"

స్కూల్లో లెక్కల్లో నేను మంచివాణ్ణే. "సగం. ఇరవయ్యైదు."

"ఒక్క బొమ్మ కూడా గుర్తులేని మనిషికి ఆ దగ్గర్లో రావాలి. ఇంత తక్కువ రావాలంటే దారి ఒకటే. సరైనది ఏదో తెలిసుండాలి."

గదిలో హీటరు టకటకమంది. నేను దాని వైపు చూశాను, అదేమైనా అంటుందేమోనని.

"అంటే నేను అబద్ధమాడానంటారు."

"అనను. మీ లోపల ఏముందో ఆ పరీక్షకి తెలీదు, నాకూ తెలీదు. ఈ అంకెల్ని పట్టుకుని మీ జ్ఞాపకశక్తి బాగుందనీ రాయలేను, పోయిందనీ రాయలేను. అంతవరకే రాస్తాను. రిపోర్టు ముందు మీరే చదువుతారు. వద్దంటే కంపెనీ డాక్టరుకి పంపను, ఆ హక్కు మీది."

"సరే, లేస్తాను."

"ఒక్క మాట. అన్నీ సరిగ్గా చూపించి ఉంటే మర్నాడు ఏమయ్యేది?"

"మర్నాడు డ్యూటీకి..." అని ఆగాను. రైలుకి టైమైందని చెప్పి వచ్చేశాను. రైలు ఇంకా చాలాసేపటికి గానీ లేదు. స్టేషన్లో బెంచీ మీద కూర్చుని పావురాల్ని చూశాను.

పిల్లకి పాతికేళ్ళుంటాయేమో. నేను బస్సు నడపడం మొదలుపెట్టేనాటికి పుట్టి కూడా ఉండదు.

ఫిబ్రవరి 11, బుధవారం

నిన్న గెర్డీకి పరీక్ష సరిగా చెయ్యలేదన్నాను. ఎవరు సరిగా చెయ్యలేదో చెప్పలేదు. ఇవాళ పొద్దున మళ్ళీ అడిగితే, "నేను కావాలని తప్పులు చేశానంటోంది ఆ పిల్ల" అన్నాను.

గెర్డీ చేతిలో రొట్టె కోసే చాకు ఉంది. నెమ్మదిగా కింద పెట్టింది.

"నిన్నా? అబద్ధాలకోరంటుందా నిన్ను?"

"అనలేదు. అన్నట్టే."

"నీకు గురకుందని పెళ్ళికి ముందే మా అమ్మకి చెప్పిన మనిషివి నువ్వు. నంబరివ్వు."

"వదిలెయ్ గెర్డీ."

"నంబరు కాగితం మీదే ఉందిగా." అప్పటికే ఫోను తీసింది. "రోజూ ఈ ఇంట్లో ఎలా గడుస్తోందో నేను చెప్తాను. తాళంచెవి ఎక్కడ పెట్టాడో తెలీదు, మాత్ర వేసుకున్నాడో లేదో తెలీదు. నేను చూస్తున్నాను, ఆవిడకేం తెలుసు?"

అవతల మోగడం వినిపించింది. నాకోసం ఎవరితోనైనా పోట్లాడటానికి గెర్డీ నడుం బిగించి నిలబడిన తీరు చూశాక ఊరుకోలేకపోయాను.

"పెట్టెయ్. ఆ పిల్ల చెప్పింది నిజం."

పెట్టేసింది. కూర్చుంది. నేను చెప్పాను. ఇక్కడ కూడా రాసేస్తాను.

డిసెంబరులో, సెలవులకి ముందు వారం. సాయంత్రం వాన. స్కూలు దాటాక ఉన్న మూల తిరుగుతున్నాను. పసుపు రెయిన్‌కోటు వేసుకున్న ఓ పిల్ల సైకిలుతో సహా జారి నా ముందు పడింది. బ్రేకు వేశాను. బస్సు ఆగింది. అద్దంలోంచి చూస్తే పిల్ల కనిపించలేదు. బంపరుకి కిందుగా, కనిపించనంత దగ్గరగా ఉంది.

"పిల్లకి ఏమైనా అయిందా?" అంది గెర్డీ.

"లేదు. లేచింది. కోటు దులుపుకుని నాకు చెయ్యి ఊపి వెళ్ళిపోయింది."

"మరి?"

"అదే మరి. ఏమీ జరగలేదు. బస్సులో వాళ్ళు చప్పట్లు కొట్టారు. డిపోలో కేకులాంటి చెర్రీ ఫ్లాయ్ తెప్పించి కోశారు, నేను రెండు ముక్కలు తిన్నాను. మర్నాటి నుంచి ఆ మూల వస్తోందంటే కాళ్ళు చల్లబడటం మొదలైంది. ఏమీ జరగనిదానికి భయమేస్తోందని ఎవరికి చెప్పను? తలకి దెబ్బంటే అందరికీ అర్థమవుతుంది, బొప్పి చూపించొచ్చు."

 గెర్డీ లేచి ఇంట్లోని చీటీలు ఒక్కొక్కటీ పీకడం మొదలుపెట్టింది. పొయ్యి దగ్గరిది, తలుపుది, అద్దానిది. పిల్లిది మాత్రం ఉంచింది.

"మా అక్కతో ఆర్డెన్ వెళ్ళడం మానుకున్నాను నేను."

"తెలుసు."

"అదైతే గుర్తుందన్నమాట."

మధ్యాహ్నం బఠాణీ సూప్ పెట్టింది. తన గిన్నెలో సాసేజ్ ముక్కలున్నాయి, నా దాంట్లో లేవు. ఎందుకని చూశాను.

"వెయ్యడం మరిచిపోయాను" అంది.

ఫిబ్రవరి 12, గురువారం

ఇవాళ సూప్‌లో సాసేజ్ ఒక ముక్క వచ్చింది.

ఫిబ్రవరి 15, కార్నివాల్ ఆదివారం

గెర్డీ ఏ వేషం వేస్తుందో చెప్పలేదు. మెట్లు దిగి వస్తుంటే చూశాను. నా యూనిఫాం కోటు, నా టై, నా టోపీ, బూడిదరంగుతో గీసిన మీసం.

"బీరువాలో ఊరికే వేలాడుతోంది" అంది. "ఎవరో ఒకరు వాడాలి కదా."

ఊరేగింపులో వాళ్ళ అక్కనీ, వీధిలోని ఆడవాళ్ళందర్నీ రెండు వరసల్లో వెనక నిలబెట్టుకుని, చేతిలో పెద్ద పళ్ళెం స్టీరింగులా తిప్పుతూ, "వెనక్కి జరగాలి, వెనక్కి జరగాలి, డ్రైవరు మెతకమనిషి" అని అరుస్తూ ఊరంతా తిప్పింది. నేను బ్యాండులో ట్రాంబోన్ వాయిస్తూ ఆ బస్సు వెనకాలే నడిచాను. మూలలన్నీ భలే తిప్పింది.

చర్చి ముందు ట్వాన్ రెండు బీర్లు పట్టుకొచ్చాడు. కోడివేషంలో ఉన్నాడు. చెప్పేశాను. ఈకల టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు.

"అంటే నీ బుర్ర బాగానే ఉంది. నా నడుమే పోయింది."

"అంతే."

"గురూ, ముందే చెబితే నేను కూడా నిచ్చెన మీంచి పడేవాణ్ణి కదా" అని నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగింది. "అయినా చెప్పాల్సింది. ఎదురింట్లోనే ఉన్నానుగా నేను." నిజంగానే నొచ్చుకున్నాడు. కోడివేషంలో ఉన్న మనిషి నొచ్చుకుంటే చూడటం కష్టం. ఆ పూట వాడు తాగిందంతా నా ఖర్చే.

ఫిబ్రవరి 19, గురువారం

మాస్ట్రిక్ట్ వెళ్ళి ఫెమ్కెకి మొత్తం చెప్పాను. తను మధ్యలో ఆపలేదు. ఆ పిల్లకి వినడం కూడా ముక్కుసూటిగానే వచ్చు, తల ఊపదు, అయ్యో అనదు.

"రిపోర్టు పంపించండి. మిగతాది డాక్టరుకి నేనే చెప్తాను" అన్నాను. తర్వాత అడిగాను, "నాలా చాలామంది చేస్తారా?"

"మీరు అనుకునేదానికంటే ఎక్కువమంది. కొందరికి పరిహారం కావాలి. కొందరికి ఎక్కడికో వెళ్ళడం తప్పాలి. కొందరికి తాము అలా చేస్తున్నట్టు కూడా తెలీదు."

"నేను ఏ రకం?"

"మీరే చెప్పాలి."

ఆలోచించాను. "నాకు తెలిసినట్టే ఉంది, తెలీనట్టూ ఉంది. సగంసగం."

"సగమా, సగానికంటే తక్కువా?"

ఫ్రీస్‌లాండ్ వాళ్ళు హాస్యమాడతారని నాకు ఇవాళే తెలిసింది.

కంపెనీ డాక్టరుకి సాయంత్రం ఫోను చేశాను. తిడతాడనుకున్నాను. కొంచెం తిట్టాడు. తర్వాత, డ్రైవర్లలో ఇది కొత్త కాదు, ముందు ఎవరో ఒకరు నోరు విప్పాలి అన్నాడు. ఒక్కో మెట్టే ఎక్కిస్తారట. ముందు ప్రయాణికుడిగా, తర్వాత ఖాళీ బస్సు, చివరికి డ్యూటీ.

మార్చి 5, గురువారం

ట్వాన్ నడుపుతుంటే వెనక సీట్లో కూర్చున్నాను. ఆ మూల దగ్గర కడ్డీ పట్టుకున్నాను. పక్కనున్నావిడ, "మీరు హూబ్ కదూ, బస్సులో ఎందుకు కూర్చున్నారు?" అంది.

మార్చి 9, సోమవారం

గెర్డీ వాళ్ళ అక్కతో ఆర్డెన్ వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ పిల్లి గిన్నె మీద చీటీ కింద ఇంకో వాక్యం రాసింది: "హూబ్ మాట కూడా నమ్మకు."

మార్చి 13, శుక్రవారం

ఖాళీ బస్సు, డిపో ఆవరణలో. స్టీరింగు చేతిలోకి రాగానే భుజాలకి అన్నీ తెలుసు. ఎంత బాగుందో రాయడం రాదు నాకు. గేటు దాటి బయటికి వెళ్ళమంటే మాత్రం చొక్కా వీపుకి అంటుకుపోయింది. అయినా వెళ్ళాను. మూల వరకూ కాదు, బేకరీ వరకూ.

మార్చి 24, మంగళవారం

డ్యూటీకి ముందు పరీక్షలన్నీ మళ్ళీ చేసింది ఫెమ్కె, వేరే బొమ్మలతో, వేరే కథతో. ఈసారి ప్రాణం పెట్టి చేశాను. దిమ్మలు పేరుస్తుంటే నాలుక బయటికి వచ్చింది కూడా.

"బొమ్మల్లో యాభైకి యాభై" అంది. నేను కుర్చీలో వెనక్కి వాలాను.

"దానికి గర్వపడక్కర్లేదు. అందరికీ వస్తాయి."

"మిగతావి?"

"మీ వయసుకి సగటు."

"సగటా?"

"జ్ఞాపకం సగటు. వేగం సగటు. అంకెలు వెనక్కి చెప్పడంలో సగటుకి కాస్త కింద. ఏమీ ఫరవాలేదు, బస్సు నడపొచ్చు."

"అంకెలు మీరు గబగబా చదివారు."

"అందరికీ ఒకే వేగంతో చదువుతాను."

"ఇంకోసారి చదవండి."

"క్రైన్స్ గారూ" అంది, మొదటిసారి పళ్ళు కనిపించేలా నవ్వుతూ, "పోయిన నెల ఇదే కుర్చీలో కూర్చుని మీ బుర్ర పనిచెయ్యట్లేదని నన్ను నమ్మించబోయారు."

ఇంటికొచ్చి గెర్డీకి చెబితే కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. "సగటని నేనెప్పటి నుంచో చెప్తూనే ఉన్నాను. దానికి అంత చదువు కావాలా?"

నాకింకా మింగుడు పడలేదు. సగటుకి కాస్త కిందేనట.

ఏప్రిల్ 6, ఈస్టర్ సోమవారం

రేపే డ్యూటీ. యూనిఫాం కోటు భుజం మీద కార్నివాల్ మీసం రంగు ఇంకా పోలేదు. గెర్డీ ఇస్త్రీ చేస్తూ ఈలపాట పాడుతోంది. నాకు ఆకలి లేదు.

ఏప్రిల్ 7, మంగళవారం

మొదటి రోజు నా వెనక సీట్లో ట్వాన్ కూర్చోవాలని డిపోలో నిర్ణయం. బస్సు నిండా జనం. ముసలమ్మలు ఒక్కొక్కరూ ఎక్కుతూ నా చెయ్యి తట్టారు. ఒకావిడ, "నీ తల పోయిందన్నారు" అంది. "తిరిగొచ్చింది, సగటుదే వచ్చింది" అన్నాను.

స్కూలు వదిలే వేళకి ఆ మూలకి వచ్చాం. జీబ్రా గీతల దగ్గర ఆపాను. పిల్లలు సైకిళ్ళ మీద గుంపులుగా దాటుతున్నారు, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని, ఒకడైతే రెండు చేతులూ వదిలేసి. అందరూ దాటేశారు. రోడ్డు ఖాళీ. నా కాలు బ్రేకు మీదే ఉంది. తియ్యమంటే తియ్యడం లేదు. వెనక కారు హారన్ కొట్టింది.

ఏదో ఒక వంక చెప్పొచ్చు. ఇంజన్ లైటు వెలిగిందనొచ్చు. తల తిరుగుతోందనొచ్చు, అందరూ నమ్ముతారు.

"ట్వాన్" అన్నాను, వెనక్కి తిరగకుండా, బస్సులో అందరికీ వినపడేంత గట్టిగా. "నాకు భయంగా ఉంది."

ముసలమ్మలందరూ నా వైపు చూశారు.

"నాకూ భయంగానే ఉంది గురూ" అన్నాడు ట్వాన్. "ఇవాళ నడిపేది నువ్వు కదా."

ముందు ముసలమ్మలు నవ్వారు. తర్వాత బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను, పొట్ట ఊగేలా, స్టీరింగు మీద నుదురు పెట్టుకుని. కళ్ళు తుడుచుకుని, అద్దాలు చూసుకుని, కాలు తీశాను. బస్సు మూల తిరిగింది.